తేలికపాటి ప్రేమ నవలలు హాయిగా చదువుకోవడం ఎలా: మొదటి పుస్తకం నుంచి రెండో చదువు దాకా

మా ఇంట్లో అటక మీద ఒక ట్రంకుపెట్టె ఉండేది. దాని నిండా బైండు పుస్తకాలే. వారపత్రికల్లో వచ్చే సీరియల్ పేజీలను అమ్మ వారం వారం జాగ్రత్తగా విప్పి, వరుసలో పెట్టుకుని, సీరియల్ అయిపోగానే బైండింగుకి ఇచ్చేది. అందుకే ఆ పుస్తకాల్లో కథ ఆగిన చోట సగం పేజీ వంటల శీర్షిక, ఇంకో చోట తలనూనె ప్రకటన కనిపించేవి. ప్రేమ నవలలు చదవడం నేను నేర్చుకున్నది ఆ పెట్టె ముందు కూర్చునే.

ఇప్పుడు నన్ను చాలామంది అడుగుతుంటారు: "తెలుగులో తేలికగా ఉండే నవల ఒకటి చెప్పండి. ప్రేమ ఉండాలి, అమ్మాయి బలంగా ఉండాలి, మరీ ఏడిపించకూడదు" అని. పేరు చెప్తాను. రెండు వారాల తర్వాత అడిగితే సగంలో ఆపేశామంటారు. హీరోకి అంత పొగరేంటి, ఒక్క మాటతో తేలిపోయే అపార్థాన్ని వంద పేజీలు లాగడమేంటి అంటారు. వాళ్ల విసుగు నిజమే. పుస్తకం పేరుతో పాటు అది చదివే పద్ధతి కూడా చెప్పాలని అప్పుడు అర్థమైంది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

నేను చెప్పేవి ముఖ్యంగా 1960ల నుంచి 1980ల దాకా తెలుగు రచయిత్రులు రాసిన నవలలు. ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక, జ్యోతి, యువ, స్వాతి లాంటి పత్రికలు ఇంటింటికీ వెళ్లిన కాలం అది. ఆడవాళ్ల పేరుతో వచ్చిన నవలకి ఎంత గిరాకీ ఉండేదంటే, కొందరు మగ రచయితలు కూడా ఆడపేర్లు పెట్టుకుని రాశారు.

1. మొదటి పుస్తకం ఎంచుకోవడం

అందరూ గొప్పదన్న పుస్తకంతో మొదలుపెట్టకండి. ఇప్పుడు మీ మనసు ఎలా ఉందో చూసుకుని ఎంచుకోండి.

ఉద్యోగం, ఆఫీసు, తోటివాళ్ల గుసగుసలు, వాటి మధ్య మెల్లగా మొదలయ్యే ప్రేమ కావాలంటే యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'. కృష్ణా జిల్లా కాజ గ్రామంలో పుట్టిన ఈ రచయిత్రిని పాఠకులు నవలా రాణి అని పిలుచుకున్నారు. 'సెక్రటరీ' 1960ల మధ్యలో జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. మొదటిసారి చదివేవాళ్లకి నేను దీన్నే ఇస్తాను, ఎందుకంటే ఈ తరహా నవలల్లో కనిపించే మంచీ చెడూ రెండూ ఇందులో ఉన్నాయి.

పల్లెటూరు, చుట్టాలు, బావామరదళ్ల చనువు కావాలంటే అదే రచయిత్రి 'మీనా'. జమీందారీ మేడలు, పట్టుదల, కాస్త ఎక్కువ మోతాదు భావావేశం మీకు ఇష్టమైతే కోడూరి కౌసల్యాదేవి 'ప్రేమ్‌నగర్'. పెళ్లితో కథ అయిపోవడం మీకు నచ్చకపోతే, పెళ్లయ్యాక ఏమవుతుందో చూడాలనుకుంటే రంగనాయకమ్మ 'స్వీట్ హోమ్'. విమల, బుచ్చిబాబు అనే భార్యాభర్తల కథ అది. పగలబడి నవ్వుతూ చదువుతారు. ఇంట్లో ఎవరి మాట చెల్లాలన్న ప్రశ్న ఆ నవ్వులోనే వచ్చి ఎదురుగా నిలబడుతుంది.

అదే రంగనాయకమ్మ 'బలిపీఠం' కూడా ఎవరైనా మీ చేతిలో పెట్టవచ్చు. చాలా మంచి నవల, కానీ తేలికపాటిది కాదు. అలసిపోయిన సాయంత్రాలకి దాన్ని తీయకండి, వేరే రోజుకి దాచుకోండి.

2. పుస్తకం సంపాదించడం

పేరున్న నవలలు చాలావరకు మళ్లీ మళ్లీ అచ్చవుతూనే ఉన్నాయి. విజయవాడలో కొత్త సంవత్సరం మొదట్లో జరిగే పుస్తక మహోత్సవంలో, హైదరాబాద్‌లో ఏటా జరిగే బుక్ ఫెయిర్‌లో ఈ రచయిత్రులవి ఒకేచోట దొరుకుతాయి. పాత ప్రతులు కావాలంటే ఆదివారాలు అబిడ్స్ పేవ్‌మెంట్ల మీద వెతకండి. కళ్లు అలసిపోయేవాళ్లకి, వంట చేసుకుంటూ వినాలనుకునేవాళ్లకి దాసుభాషితం లాంటి తెలుగు ఆడియో యాప్‌లు ఉన్నాయి.

పాత పుస్తకం కొనేటప్పుడు మాత్రం చివరి పేజీలు ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. ఇది నాకు అనుభవం. నేను ఇంటర్ చదివే రోజుల్లో మా వీధి చివర ఒక అద్దె పుస్తకాల షాపు ఉండేది. వేసవి సెలవుల్లో అక్కడినుంచి ఒక నవల తెచ్చి రెండు రోజులు వదలకుండా చదివాను. తీరా చూస్తే చివరి పదిహేను పేజీలు లేవు. షాపతను ఇంకో ప్రతి లేదన్నాడు. నేను బిక్కమొహం వేసుకుని ఇంటికొస్తే, ఆ నవల సీరియల్‌గా వచ్చినప్పుడు చదివిన మా అమ్మ బియ్యం ఏరుతూ కూర్చుని మిగతా కథంతా నోటితో చెప్పేసింది. ఆ ముగింపు సంగతి చివర్లో మళ్లీ చెప్తాను.

3. సీరియల్ వేగంతో చదవడం

సగంలో ఆపేసేవాళ్లలో ఎక్కువమంది చేసే పొరపాటు ఒక్కటే: ఆదివారం కూర్చుని మూడొందల పేజీలు ఏకబిగిన చదవాలనుకోవడం. ఈ నవలలు అలా చదవడానికి రాసినవి కావు. వారానికో, నెలకో ఒక విడత వచ్చేది. విడత చివర ఒక ఉత్తరం వచ్చేది, లేదా తలుపు చప్పుడయ్యేది, లేదా ఎవరో చాటునుంచి సగం మాట వినేసేవారు. మిగతా సగం మాట కోసం పాఠకురాలు వారమంతా ఎదురుచూసేది. ఆ వారం రోజులు నీళ్ల దగ్గర, మేడ మీద ఆరేసిన బట్టల దగ్గర ఆ ఉత్తరంలో ఏముందా అని మాట్లాడుకునేవాళ్లు. కథలో సగం అలా పత్రిక బయట జరిగేది.

కాబట్టి రాత్రికి రెండు ప్రకరణాలు, మహా అయితే మూడు. చదవాలనిపిస్తున్నప్పుడే పుస్తకం మూసేయండి. పడుకునే ముందు ఒక్క నిమిషం, రేపు ఏమవుతుందో ఊహించండి. మర్నాడు మీ ఊహ తప్పితే ఆ సరదా వేరు, నిజమైతే ఆ సంతోషం వేరు.

అపార్థాలు ఎందుకంత సాగుతాయో కూడా అప్పుడు మెల్లగా తెలుస్తుంది. పత్రికకి విడతలు కావాలన్నది ఒక కారణం. దానికంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. ఆ రోజుల్లో పెళ్లికాని అమ్మాయి ఒక మగవాడి ఎదురుగా నిలబడి "మీరు నన్ను అనుమానిస్తున్నారా?" అని అడగడం అంత తేలిక కాదు. ఎవరు చూస్తారో, ఏమనుకుంటారో, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో. మనకి సాగదీతలా కనిపించే మౌనంలో ఆ భయం ఉంది. అది తెలిశాక నాకు ఆ పేజీల మీద విసుగు పోయింది, ఆ అమ్మాయి ఎప్పుడు నోరు విప్పుతుందా అన్న ఆత్రం మొదలైంది.

4. ఆమె లెక్క రాసుకోవడం

నా దృష్టిలో ఇదే అన్నిటికంటే ముఖ్యం. ఒక చిన్న కాగితం తీసుకుని పుస్తకంలో అట్ట వెనక పెట్టుకోండి. దాని మీద మూడు ప్రశ్నలు రాయండి.

ఆమె చేతిలో ఉన్న డబ్బు ఎవరిది?
ఆమె ఉంటున్న ఇల్లు ఎవరిది?
"వద్దు", "రాను", "చెయ్యను" అని ఆమె మొదటిసారి ఎప్పుడంది, ఎవరితో అంది?

ఈ మూడింటికీ జవాబు మారినప్పుడల్లా పేజీ నంబరు వేసుకోండి. అంతే, ఇంకేమీ రాయక్కర్లేదు.

మామూలుగా మనం ప్రేమ నవలని ఎదురుపడటం, అపార్థం, విడిపోవడం, పెళ్లి అనే మెట్ల మీద చదువుతాం. అలా చదివితే అన్ని నవలలూ ఒకేలా కనిపిస్తాయి, పదో పుస్తకానికి విసుగొస్తుంది. ఈ కాగితం పెట్టుకుని చదివితే ఆ పెళ్లికథ కింద ఇంకో కథ నడుస్తూ కనిపిస్తుంది. అది ఆ అమ్మాయి తనని తాను తెలుసుకునే కథ. ఆ కథ ఏ రెండు పుస్తకాల్లోనూ ఒకలా ఉండదు.

'సెక్రటరీ'నే తీసుకోండి. జయంతి పేదింటి అమ్మాయి. సరదాకి కాదు, గడవక ఉద్యోగానికి వెళ్తుంది. ఆమె యజమాని రాజశేఖరం దగ్గర డబ్బు, హోదా, పేరు అన్నీ ఉన్నాయి. అతను ఆమెని ఎప్పుడు ప్రేమించాడన్నది ఒక ప్రశ్న. నా కాగితం అడిగే ప్రశ్న వేరు: ఈ అమ్మాయి తన జీతాన్ని, తన గౌరవాన్ని విడివిడిగా ఎలా నిలబెట్టుకుంటోంది? యజమాని ఇచ్చే జీతం తీసుకుంటుంది, అంతకుమించి ఏది ఇచ్చినా అనుమానంగా చూస్తుంది. మొదటిసారి చదివినప్పుడు ఆమెకి ఇంత బింకమేంటి అనిపించింది నాకు. నేను ఉద్యోగంలో చేరిన ఏడాది మళ్లీ చదివాను. మొదటి జీతం చేతికొచ్చాక ఆ బింకం ఎందుకో ఒక్క పేజీ కూడా వివరించక్కర్లేకుండా అర్థమైంది.

ఈ నవలల్లో తరచుగా కనిపించే ఒక మాట ఉంది, ఆత్మాభిమానం. ఆ మాట వచ్చినచోట ఒక్క క్షణం ఆగండి. చాలాసార్లు ఆ అమ్మాయికి ఆస్తిగా ఉన్నది అదొక్కటే. పుట్టిల్లు సరిగ్గా ఉండదు, చేతిలో డబ్బు ఉండదు, చదువు సగమే. అది కూడా వదులుకుంటే ప్రేమించినవాడి ముందు నిలబడటానికి ఆమెకి చోటే ఉండదు.

'మీనా'లో లెక్క తిరగబడుతుంది. మీనాకి డబ్బుకి లోటు లేదు, మంచి ఇల్లు ఉంది. కానీ రెండూ తల్లివి, నిర్ణయాలు కూడా తల్లివే. ఆమె పల్లెటూరికి వెళ్లినప్పుడు సుఖాలు తగ్గుతాయి, తన ఇష్టం ఏమిటో తనకి తెలియడం మొదలవుతుంది. బావ మీద ప్రేమ ఎంత ముఖ్యమో, తల్లి ఎదురుగా నిలబడి మాట్లాడగలగడం అంతే ముఖ్యం. కాగితం మీద మూడో ప్రశ్నకి జవాబు రాసుకునే చోటు వచ్చినప్పుడు మీకే తెలుస్తుంది.

5. హీరోతో ఏం చెయ్యాలి

పొడుగ్గా ఉంటాడు, ధనవంతుడు, పెద్ద కారు, తక్కువ మాటలు, ఎక్కువ పొగరు. ఈ మనిషి ఎక్కడా ఉండడని అందరికీ తెలుసు. రాసినవాళ్లకీ తెలుసు, చదివినవాళ్లకీ తెలుసు. మా పిన్ని ఒకసారి అంది: "అతని కారు నాకెందుకే, ఆ పిల్ల జ్వరంతో పడుకుంటే గమనించాడు చూడు, అది కావాలి." ఆ తర్వాత నేను హీరోలని అలాగే చదువుతున్నాను. ఆస్తి ఎంతుందని చూడను. ఆమె మాట్లాడుతుంటే వింటున్నాడా, తప్పు చేస్తే ఒప్పుకుంటున్నాడా, ఆమెని అడిగి చేస్తున్నాడా, తనే తేల్చేస్తున్నాడా అని చూస్తాను.

కొన్నిచోట్ల మనసు చివుక్కుమంటుంది. చెయ్యి పట్టి లాగడం, చెంపదెబ్బని ప్రేమకి గుర్తుగా చూపించడం, అమ్మాయి రంగు గురించి మాటలు, పనివాళ్లని తక్కువ చేసి మాట్లాడటం. "ఆ కాలం అంతే" అని సర్దుకుపోనక్కర్లేదు, పుస్తకం విసిరెయ్యనూ అక్కర్లేదు. పెన్సిల్‌తో పక్కన ఒక గీత గీసి ముందుకి వెళ్లండి. గీతలు మరీ ఎక్కువైతే ఆ నవల ఆపేయండి, నిస్సంకోచంగా. ఇలాంటి పుస్తకాలు మీ కూతురికో, తమ్ముడి కూతురికో ఇచ్చేటప్పుడు ఆ గీతలు చెరపకండి. ఆ పిల్లలతో మాట్లాడటానికి వాటికంటే మంచి సందర్భం దొరకదు.

6. చిన్న చిన్న రుచులు

చీర రంగు, జడలో పూలు, డికాక్షన్ వాసన, వరండాలో పేముకుర్చీ, గేటు తీసిన చప్పుడు. ఇవి కథకి అడ్డం అనుకుని దాటేయకండి. ఈ నవలలు సగం ఇక్కడే జరుగుతాయి. మీకు కోస్తా జిల్లాల మధ్యతరగతి మాట అలవాటు లేకపోతే మొదటి రెండు ప్రకరణాలు పైకి చదవండి, చెవికి పట్టేస్తుంది. ఉత్తరాలు మాత్రం తప్పకుండా పైకే చదవాలి.

7. సినిమా తర్వాత

వీటిలో చాలా నవలలు సినిమాలయ్యాయి. 'ప్రేమ్‌నగర్' 1971లో, 'సెక్రటరీ' 1976లో వచ్చాయి. రెండింటిలోనూ అక్కినేని నాగేశ్వరరావు, వాణిశ్రీ నటించారు, రెండింటికీ దర్శకుడు కె.ఎస్. ప్రకాశరావే. 'మీనా' 1973లో విజయనిర్మల దర్శకత్వంలో వచ్చింది, తెలుగులో ఆవిడ దర్శకత్వం వహించిన మొదటి సినిమా అదే. ఒక స్త్రీ రాసిన కథని ఇంకో స్త్రీ తెర మీదకి తెచ్చి, తనే నాయికగా నటించడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

ముందు పుస్తకం, తర్వాత సినిమా. మీకు బాగా నచ్చిన ఒక్క సన్నివేశం పుస్తకంలో గుర్తు పెట్టుకుని, సినిమాలో అది ఎలా వచ్చిందో చూడండి. పుస్తకంలో ఆమె మనసులో అనుకున్న నాలుగు వాక్యాలు తెర మీద ఏమయ్యాయో గమనించండి. ఒక్కోసారి వాణిశ్రీ కళ్లతో ఆ పని చేసేస్తుంది. ఒక్కోసారి ఆ నాలుగు వాక్యాలూ పోయి, వాటి స్థానంలో పాట వస్తుంది. పాట బాగున్నా ఆ వాక్యాలు పోయినందుకు నాకు బాధగానే ఉంటుంది.

8. ఇంకొకరితో కలిసి

ఒంటరిగా చదివితే ఈ పుస్తకాల రుచి సగమే తెలుస్తుంది. మీ అమ్మనో, అత్తయ్యనో, పెద్దమ్మనో కలుపుకోండి. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటే ఇద్దరూ ఒకే పుస్తకం తీసుకుని, వారానికి నాలుగు ప్రకరణాలు చదివి, ఆదివారం ఫోన్‌లో మాట్లాడుకోండి. సీరియల్ ఎదురుచూపు మళ్లీ వస్తుంది.

"నవల నచ్చిందా?" అని అడిగితే "బావుంది" అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. ఇలా అడిగి చూడండి: "ఇది చదివినప్పుడు నీ వయసెంత? పుస్తకం ఎవరికైనా కనపడకుండా దాచావా? ఆ పిల్ల స్థానంలో నువ్వుంటే ఉద్యోగం మానేసేదానివా?" మా అమ్మని ఈ మూడో ప్రశ్న అడిగిన రోజు, ఆవిడకి పెళ్లికి ముందు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం వచ్చిందని, తాతయ్య పంపలేదని నాకు మొదటిసారి తెలిసింది. అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్లు.

9. ఈ కాలపు కథలకి

ప్రతిలిపి లాంటి యాప్‌లలో ఇప్పుడు తెలుగు ప్రేమ సీరియళ్లు కుప్పలుగా ఉన్నాయి. అన్నీ ఒక స్థాయిలో ఉండవు. పూర్తయిన సీరియల్‌తోనే మొదలుపెట్టండి, మధ్యలో ఆగిపోయిన కథతో వచ్చే చిరాకు మామూలుది కాదు. మొదటి మూడు భాగాలు చదివేసరికి ఆ అమ్మాయి ఏం కోరుకుంటోందో తెలియకపోతే వదిలేయండి. మీ కాగితం ఇక్కడా పనికొస్తుంది, కాకపోతే జవాబులు వేరు. ఇప్పటి అమ్మాయికి జీతం ఉంది, హాస్టల్ గదో ఫ్లాటో ఉంది. మొదటి రెండు ప్రశ్నలూ మొదటి పేజీలోనే తేలిపోతాయి. మూడోది మాత్రం ఇప్పటికీ చాలా దూరం వెళ్తేగానీ తేలదు.

10. రెండో చదువు

నచ్చిన నవలని ఐదారేళ్ల తర్వాత మళ్లీ చదవండి. పాత కాగితం చూడకుండా కొత్త కాగితం పెట్టుకుని, చివర్లో రెండూ పక్కపక్కన పెట్టండి. పుస్తకం అదే, మీరు గుర్తుపెట్టుకున్న పేజీలు వేరుగా ఉంటాయి. ఇరవైల్లో నేను అతను మొదటిసారి పేరు పెట్టి పిలిచిన పేజీలు రాసుకునేదాన్ని. నలభైల్లో ఆమె బస్సెక్కి ఒక్కతే వెళ్లిపోయిన పేజీలు రాసుకుంటున్నాను.

అద్దె షాపు నవల సంగతి చెప్తానన్నాను కదా. మూడేళ్ల కిందట పుస్తకాల పండగలో దాని కొత్త ముద్రణ కనపడింది. స్టాలు పక్కనే నిలబడి ముందు ఆ చివరి పదిహేను పేజీలే చదివాను. పుస్తకంలో అతను వస్తాడు, క్షమించమంటాడు, ఆమె స్కూల్లో టీచరుద్యోగానికి రాజీనామా రాసిచ్చి అతని కారెక్కుతుంది. మా అమ్మ బియ్యం ఏరుతూ నాకు చెప్పిన కథలో అతను వచ్చాడు, క్షమించమన్నాడు. ఆమె కాసేపు ఆలోచించి సరేనంది. పెళ్లయ్యాక కూడా అదే స్కూలుకి వెళ్లేది, అతనే రోజూ కారులో దింపేవాడు.

ఇంటికొచ్చి ఆ పుస్తకం అమ్మ చేతిలో పెట్టాను. కళ్లజోడు పెట్టుకుని చివరి పేజీలు చదివింది. "ఇలా ఉందా ఇందులో? నాకు గుర్తు లేదే" అని మళ్లీ మొదటి పేజీ తీసింది.